విచారణ పుస్తకంలో మన పేర్లు

మన బడిలో చదువుకున్న ఇతర మతాల మిత్రులు నన్ను చాలాసార్లు అడిగిన ప్రశ్న ఒకటుంది. "మీ గుడి పరిధిని విచారణ అంటారేమిటండీ? ఫాదర్ గారు విచారణ గురువులేమిటి? విచారణ అంటే పోలీసులు చేసేది, కోర్టులో జరిగేది కదా?" అని. స్వర్ణోత్సవ సంచికకు బడి పక్కనున్న గుడి గురించి రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. గుడి ఎప్పుడు కట్టారు, గంట ఎక్కడినుంచి తెచ్చారు అన్నవి రాయగలవాళ్ళు మనలో వేరే ఉన్నారు. నేను ఆ పాత ప్రశ్నకే జవాబు రాస్తాను.

విచారించడం అనే మాటకు మన పల్లెల్లో ఇంకో అర్థం ఉంది. "ఆ ముసలమ్మ మంచిచెడ్డలు విచారించే దిక్కు లేదు" అంటాం. అంటే కనుక్కోవడం, కనిపెట్టుకుని ఉండడం. ఫలానా ఊళ్ళలోని కతోలిక కుటుంబాల మంచిచెడ్డలు పుట్టుక నుంచి చావు దాకా నువ్వు కనుక్కోవాలి అని మేత్రాణులు ఒక గురువుకు అప్పగిస్తే, ఆ ఊళ్ళన్నీ కలిపి ఒక విచారణ, ఆయన విచారణ గురువు. ఇంగ్లీషువాళ్ళ పారిష్ ఇదే. (మేత్రాణులు అంటే బిషప్ గారు. ఆ మాట సురియాని నుంచి కేరళ మీదుగా మన దాకా నడిచొచ్చింది.) మాట మంచిదే. ఆ మాట చెప్పినట్టు ఎవరిని విచారించారు, ఎవరిని ఆలస్యంగా విచారించారు అన్నది వేరే సంగతి. అదీ చెప్పాలి.

కతోలికుల తెలుగు కొంచెం వేరుగా ఉంటుందని మీరందరూ గమనించే ఉంటారు. ప్రొటెస్టంట్ సోదరులు సంఘం, ఆరాధన, ప్రభు భోజనం, దేవదూత అంటారు. మేము విచారణ, పూజ, సత్ప్రసాదం, సమ్మనసు అంటాం. వారు దేవుడు అన్నచోట మా పాతవాళ్ళు సర్వేశ్వరుడు అనేవారు. తపస్సు కాలం, విభూది బుధవారం, బలిపీఠం, మఠకన్యలు, గురుపట్టం ఇవన్నీ వింటే గుడి బయట నిలబడ్డ హిందూ మిత్రుడికి కొత్తగా ఏమీ అనిపించదు. దీనికి కారణం మూడు వందల ఏళ్ళ వెనక ఉంది.

1606లో ఇటలీనుంచి మదురై చేరిన యేసుసభ గురువు రాబర్ట్ డి నోబిలి కావి కట్టి, మాంసం మాని, సన్యాసిలాగా జీవిస్తూ సంస్కృతం, తమిళం, తెలుగు నేర్చుకున్నాడు. 18వ శతాబ్దం తొలి ఏళ్ళలో పుదుచ్చేరినుంచి తెలుగు సీమకు బయలుదేరిన ఫ్రెంచి యేసుసభ గురువులు ఆయన దారినే నడిచారు. వారి పనికి కర్నాటక మిషను అని పేరు. పుంగనూరు ప్రాంతంలోను, అనంతపురం వైపు కృష్ణాపురంలోను వారి తొలి సంఘాలు ఏర్పడ్డాయి. తమిళంలో అప్పటికే స్థిరపడిన మాటల్ని వారు తెలుగు నోటికి తగ్గట్టు మలిచారు. సమ్మనసు, ఉత్తరించు స్థలం అలా వచ్చినవే. దేవద్రవ్యానుమానాలు కూడా. ఈ చివరి మాట పలకలేక జ్ఞానోపదేశం తరగతిలో చెవులు మెలిపెట్టించుకున్నవారు ఈ సంచిక చదివేవారిలో కనీసం పదిమంది ఉంటారు. ఇప్పటి పిల్లలకు ఆ బాధ లేదు. దివ్యసంస్కారాలు అని తేలిగ్గా చెబుతున్నారు.

ఆ గురువుల్లో గాస్టన్ కేర్డూ అనే ఆయన గురించి తెలుగు పాఠాలు చెప్పినవాడిగా నేను ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1732లో ఈ దేశానికి వచ్చి, 1779లో పుదుచ్చేరిలో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికి, గ్రీకు, లాటిన్ భాషలకు చుట్టరికం ఉందని 1767లో ఫ్రాన్సులోని పండితులకు రాశాడు. విలియం జోన్స్ కలకత్తాలో ఆ మాట అని లోకప్రసిద్ధి పొందింది 1786లో. అంతకు దాదాపు ఇరవై ఏళ్ళ ముందే తెలుగు సీమలో తిరిగిన ఒక గురువు ఆ సంగతి కనిపెట్టాడని మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనిపించదు. అదే శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను 'వేదాంతరసాయనం' అనే పద్యకావ్యంగా రాశాడు. క్రైస్తవం తెలుగులోకి తెల్లదొరల పాలనతోపాటే వచ్చిందనుకునేవారికి ఈ రెండు సంగతులూ పనికొస్తాయి.

కావి కట్టుకున్న గురువుకు పెద్ద కులాల ఇళ్ళల్లో గౌరవం దొరికింది. కానీ అదే గురువు అంటరానివారిగా చూడబడ్డవారి గుడిసెలోకి వెళితే ఆ గౌరవం నిలవదు. అందుకని వెళ్ళడం తగ్గింది. ఈ తగాదా రోము దాకా పోయింది. 1704లో పాపుగారి ప్రతినిధి తుర్నోన్ పుదుచ్చేరిలో ఇచ్చిన ఉత్తర్వు ఈ పద్ధతుల్లో చాలావాటిని నిషేధించింది. నలభై ఏళ్ళు వాదోపవాదాలు జరిగాక, 1744లో 14వ బెనడిక్టు పాపుగారు ఆ నిషేధాన్ని ఖాయం చేశారు. మంచానపడ్డ రోగి ఏ కులంవాడైనా గురువు ఆ ఇంటికి వెళ్ళి సంస్కారాలు ఇవ్వాల్సిందేనన్నది అందులో ముఖ్యమైన సంగతి. దానికి దక్షిణాది మిషనులో దొరికిన సర్దుబాటు ఏమిటంటే, ఆ కులాలకు విడిగా కొందరు గురువులను నియమించడం. విచారణ అనే మాటలో ఉన్న చిక్కు అప్పుడే మొదలైంది.

ఆ తరువాత 1773లో పాపుగారే యేసుసభను రద్దు చేశారు. తెలుగు సీమలో గురువుల సంఖ్య ఏళ్ళ తరబడి పలచబడిపోయింది. రాయలసీమలోని కతోలిక రెడ్డి కుటుంబాలు కొన్ని యుద్ధాలకూ కరువులకూ తాళలేక గుంటూరు సీమకు తరలివచ్చి ఫిరంగిపురం, రెంటచింతల వంటి ఊళ్ళల్లో స్థిరపడ్డాయి. వారి వెంట గురువు లేడు. వెంట వచ్చింది నోటికొచ్చిన జపాలు, ఉపదేశి.

ఉపదేశి గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి. విచారణ చరిత్రలు రాసేవారు గురువుల పేర్లు వరసగా రాస్తారు, మేత్రాణుల ఫోటోలు వేస్తారు. ఉపదేశి ఫోటో నేను ఏ సంచికలోనూ చూడలేదు. 19వ శతాబ్దంలో మళ్ళీ గురువులు వచ్చారు. ఫ్రాన్సిస్ సాలెసువారి సభవారు 1846లో విశాఖపట్నం చేరారు. ఇటలీ మిలాను నుంచి వచ్చినవారు హైదరాబాదు, ఆ తరువాత కృష్ణా సీమ చూసుకున్నారు. నెల్లూరు, గుంటూరు వైపు ఇంగ్లండులోని మిల్ హిల్ నుంచి వచ్చినవారు పనిచేశారు. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో మాల, మాదిగ పల్లెలు గుంపులుగా జ్ఞానస్నానం తీసుకున్నాయి. ఒక్కో గురువు చేతికింద డజన్లకొద్దీ పల్లెలు. ఆయన ఎడ్లబండి మీదో, గుర్రం మీదో, కాలవ పడవలోనో ఒక పల్లెకు నెలకో రెండు నెలలకో ఒకసారి రాగలిగేవాడు. మిగతా రోజులన్నీ ఆ పల్లెకు ఉపదేశే దిక్కు.

తాటాకు కప్పిన ఒకే ఒక పాక. పగలు అది బడి. ఆదివారం అది గుడి. పగలు అందులో ఓనమాలు దిద్దించే మాస్టారే సాయంత్రం జపాలు చెప్పించే ఉపదేశి. చాపలు అవే, నల్లబల్ల అదే. గురువు వచ్చిన రోజు నల్లబల్ల గోడకు తిప్పి పెట్టి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి దాన్నే బలిపీఠం చేసేవారు. మిషను బడులు ఎలా పుట్టాయని ఎవరైనా అడిగితే చాలాచోట్ల జవాబు ఆ పాకే. గుడి కట్టాక బడి పెట్టారని అనుకుంటాం గానీ, చాలా పల్లెల్లో బడిలోనే గుడి మొదలైంది.

ఆ ఉపదేశిగారి జీతం చాలా కొద్ది. పని మాత్రం తెల్లవారుజామున మొదలై రాత్రి జపమాలతో ముగిసేది. పిల్లలకు జ్ఞానోపదేశం ప్రశ్నలు జవాబులు వల్లె వేయించాలి. పెళ్ళి కుదిరితే ఇరువైపులా అడ్డంకులేమైనా ఉన్నాయేమో కనుక్కోవాలి. ఎవరైనా చనిపోతే, గురువు అందకపోతే, సమాధి దగ్గర జపాలు తనే చెప్పాలి. కరణం దగ్గరికి, తహసీలు కచేరికి అర్జీ రాసిపెట్టాలి. పుట్టిన బిడ్డ బతకదనిపిస్తే అర్ధరాత్రి లేచివెళ్ళి నెత్తిమీద నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వాలి. అలాంటి ఆపదలో ఎవరు ఇచ్చినా ఆ జ్ఞానస్నానం చెల్లుతుందని తిరుసభ నియమం. అందుకని మంత్రసానులకు కూడా ఆ మాటలు నేర్పేవారు.

అప్పటి పూజ ఎలా ఉండేదో ఇప్పటివారు ఊహించుకోవడం కష్టం. పూజ అంతా లాటిన్‌లో. గురువు జనానికి వీపు పెట్టి బలిపీఠం వైపు తిరిగి, సగం మాటలు తనలో తనే చెప్పుకునేవాడు. జవాబులు చెప్పే పీఠబాలకులు ఆ లాటిన్ ముక్కలు తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేవారు. నేనూ పట్టాను. ఒక్క ముక్క అర్థం తెలియదు, ఇప్పటికీ ఒక్క ముక్క మరిచిపోలేదు. వెనక కూర్చున్న జనం ఆ సేపంతా ఉపదేశి చెప్పించే తెలుగు జపాలు పలుకుతూ ఉండేవారు. అంటే ఒకే పాకలో ఒకే సమయంలో రెండు భాషల్లో రెండు ప్రార్థనలు జరిగేవి. గంట మోగినప్పుడు మాత్రం రెండూ కలిసేవి.

సత్ప్రసాదం తీసుకునేవారు అర్ధరాత్రినుంచి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. మధ్యాహ్నం దాటితే పూజ చేయకూడదు. కూలికి పోయేవాళ్ళ పల్లెలో ఈ రెండు నియమాలూ కలిస్తే ఏమవుతుంది? గురువు ముందురోజు పొద్దుగూకి వచ్చి, లాంతరు వెలుతురులో రాత్రి పొద్దుపోయేదాకా పాపసంకీర్తనాలు వినేవాడు. తెల్లవారుజామున పూజ ముగిస్తే, జనం చద్ది తాగి పొలం పోయేవారు. నాట్ల కాలంలో చుక్క ఉండగానే పూజ. 1953లో 12వ పీయూసు పాపుగారు మంచినీళ్ళు తాగవచ్చన్నారు, సాయంత్రం పూజకూ వీలు కల్పించారు. 1957లో ఉపవాసం మూడు గంటలకు, 1964లో ఒక గంటకు తగ్గింది. రోములో కాగితం మీద జరిగిన ఈ చిన్న మార్పులు మన పల్లెల్లో రోజుకూలీ పోకుండా పూజకు రావడానికి దారి చేశాయని నా నమ్మకం.

ఇక 1963 డిసెంబరు 4న రెండో వాటికన్ మహాసభ పూజావిధానం మీద తన నిర్ణయం ప్రకటించింది. 1965 మార్చి 7నుంచి పూజలో జనం భాషకు చోటు దొరికింది. 1969లో కొత్త పూజాగ్రంథమే వచ్చింది. లాటిన్ పోయి తెలుగు వచ్చింది, గురువు మా వైపు తిరిగాడు. చిన్నవాళ్ళం కనుక మాకు ముందు తట్టింది ఒకటే: ఆయన పూజలో ఎలాంటి ముఖం పెడతాడో మొదటిసారి చూశాం! పెద్దవాళ్ళలో కొందరికి మాత్రం కష్టం కలిగింది. అర్థం తెలియకపోయినా లాటిన్‌కు ఒక బరువు ఉండేది, తెలుగులో చెబుతుంటే పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టుందని మా అవ్వ అనేది. దేవుడితో పక్కింటివాడితో మాట్లాడినట్టే మాట్లాడాలని మా మాస్టారు ఆమెకు చెప్పి చూశారు. ఆమె ఒప్పుకోలేదు.

అదే 1969 ఏప్రిల్‌లో భారతదేశపు మేత్రాణులు కోరిన పన్నెండు మార్పులకు రోము అనుమతి వచ్చింది. చెప్పులు బయట విడవడం, నేలమీద కూర్చోవడం, మోకరించే బదులు చేతులు జోడించి వంగి నమస్కరించడం, నూనె దీపం, హారతి వగైరా. బెంగళూరులో ఫాదర్ అమలోర్పవదాస్ గారి ఆధ్వర్యంలో నడిచిన జాతీయ కేంద్రం దీనికి పెద్ద దన్ను. హారతి మీద పట్నం విచారణల్లో పెద్ద గొడవే జరిగింది, హిందూ పద్ధతి అని కొందరు, మన పద్ధతే అని కొందరు. నాకు నవ్వు వచ్చే సంగతి ఏమిటంటే, ఆ పన్నెండింటిలో మొదటి రెండింటికీ మన పల్లెల్లో ఎవరి అనుమతీ అవసరం పడలేదు. బెంచీలు కొనే డబ్బులు లేక అందరం చాపల మీదే కూర్చునేవాళ్ళం. చెప్పులు ఉన్నవాళ్ళు తక్కువ, ఉన్నవాళ్ళు బయటే విడిచేవారు.

పండుగల గురించి రాస్తే ఇంకో సంచిక కావాలి. మట్టల ఆదివారం నాడు ఈతమట్టలు, తాటిమట్టలు పట్టుకుని ఊరేగడం, వాటిలో కొన్ని దాచిపెట్టి మరుసటి ఏడు కాల్చి విభూది చేయడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పవిత్ర గురువారం పూజ నుంచి పాస్కా రాత్రి దాకా గంట మోగకూడదు. ఆ రెండు రోజులు చెక్క చప్పుడే గంట. బడి గంట కూడా ఆ గంటే అయితే ఇబ్బందేగానీ, అప్పటికి సెలవులే. తిరునాళ్ళకు తొమ్మిది రోజుల ముందు జెండా ఎత్తడం, చివరి రాత్రి తేరు ప్రదక్షిణం. తేరు మన వీధుల్లో తిరిగేటప్పుడు సాయిబుల ఇళ్ళ ముందు, కోమట్ల ఇళ్ళ ముందు కూడా ఆగేది. వారూ కొవ్వొత్తులు ఇచ్చేవారు.

గుణదల మాట ఎత్తకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. 1924లో ఫాదర్ అర్లాటి గారు ఆ కొండమీద మరియమాత స్వరూపం ప్రతిష్ఠించారు. ఇప్పటికి నూరేళ్ళు దాటాయి. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళు. 1858 ఫిబ్రవరి 11న లూర్దులో మరియమాత తొలి దర్శనం జరిగిందన్న విశ్వాసంతో ఆ తేదీలు పెట్టారు. తలనీలాలు ఇచ్చేవారు, కొబ్బరికాయ కొట్టేవారు అక్కడ కనిపిస్తారు. వచ్చేవారిలో ఎవరు ఏ మతమో ఎవరూ అడగరు.

కానీ సొంత ఊరి గుడిలో మాత్రం ఎవరు ఎవరో అందరికీ తెలుసు. ఈ సంగతి రాయాలా వద్దా అని ఇద్దరు ముగ్గురు మిత్రులతో మాట్లాడాను. రాయమన్నారు. మన సీమలోని పాత విచారణల్లో చాలాచోట్ల మగవారు ఒక వైపు, ఆడవారు ఒక వైపు కూర్చునేవారు. అది అందరూ చెబుతారు. ముందు ఏ కులం, వెనక ఏ కులం అన్నది ఎవరూ చెప్పరు. ఒకే ఊరికి రెండు గుళ్ళు ఉన్నచోట, ఊళ్ళో ఒకటి, పల్లెలో ఒకటి ఉంటే, కారణం దూరం కాదు. నవంబరు 2న ఆత్మల పండుగకు సమాధులు శుభ్రం చేసి, సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆ రాత్రి దూరంనుంచి చూస్తే సమాధుల దొడ్డి ఎంత అందంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కొన్ని ఊళ్ళల్లో ఆ దీపాలు రెండు గుంపులుగా కనిపించేవి. మధ్యలో చీకటి. చనిపోయినవారికి కూడా కులం ఉండేది.

ఇదంతా మారలేదని నేను అనను. గుంటూరు పీఠం 1940లో నెల్లూరునుంచి విడిపడి ఏర్పడినప్పుడు తోమాసు పోతకమూరి గారు, ఒక తెలుగువారు, మేత్రాణులయ్యారు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో తొలి కార్డినల్, దళితుల్లో దేశంలోనే తొలి కార్డినల్. ఆయన పుట్టింది కర్నూలు జిల్లా చిందుకూరులో. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న మా పేట ముసలివాళ్ళు ఎందుకు ఏడ్చారో వెనక వరస చాపల మీద కూర్చుని పెరిగినవారికి తెలుస్తుంది. 1744లో మొదలైన ఉత్తర్వుకు 2022 దాకా పట్టింది.

ఇక పుస్తకం సంగతి. ప్రతి విచారణలోనూ గురువుగారి గదిలో, బీరువాలో, అట్ట ఊడిన పెద్ద పుస్తకాలు కొన్ని ఉంటాయి. 16వ శతాబ్దంలో త్రెంతు మహాసభ కాలంనుంచి ప్రతి విచారణ గురువూ జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు రాసిపెట్టాలని నియమం. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, జ్ఞానస్నానం తేదీ, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి, ఇచ్చిన గురువు సంతకం. పక్కన ఖాళీ మార్జిను. ఆ బిడ్డ పెద్దయి ఎక్కడ పెళ్ళి చేసుకున్నా, ఆ విచారణనుంచి కబురు వచ్చి ఆ మార్జినులో చేరుతుంది. పాత పేజీలు లాటిన్‌లో ఉంటాయి. జోజయ్య అక్కడ యోసేఫుస్.

భారతదేశమంతటికీ వర్తించే జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పల్లెలో కూలివాళ్ళ బిడ్డ పుట్టిన తేదీ ఎవరు రాశారు? బడిలో చేర్చేటప్పుడు మాస్టారు బిడ్డ ఎత్తు చూసి, కుడిచేయి తలమీదుగా ఎడమ చెవికి అందుతుందో లేదో చూసి, జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేవారు. మన సంఘం సభ్యుల జాబితా తీసి చూడండి, జూలై 1న పుట్టినవారు ఎంతమందో! ఆ పక్కనే విచారణ పుస్తకంలో అదే బిడ్డకు అసలు తేదీ ఉంటుంది. అంతకన్నా పెద్ద సంగతి, తల్లి పేరు ఉంటుంది. బడి పుస్తకంలో చాలాకాలం తండ్రి పేరే రాసేవారు. పొలం పట్టా లేని, ఓటు లేని, సంతకం రాని ఆ తల్లి పేరు లోకంలో ఎక్కడైనా సిరాతో రాసి ఉంటే, అది ఆ విచారణ పుస్తకంలోనే.

ఆ పేర్లు చదవడమే ఒక ముచ్చట. రాయప్ప అంటే పేతురు, రాయి గనుక. చిన్నప్ప అంటే పౌలు. ఇన్నయ్య, ఇన్నాసి అంటే ఇగ్నేషియస్. శౌరి, శౌరయ్య, బాలశౌరి అంటే జేవియర్. శౌరి విష్ణువు పేరు కూడా కనుక బడిలో కొత్తగా వచ్చిన మాస్టారు ఆ పిల్లవాడు ఏ మతమో తేల్చుకోలేకపోయేవారు. జోజయ్య, జోజప్ప యోసేపువారు. లూర్దమ్మ, ఆరోగ్యమ్మ, జ్ఞానమ్మ, అంతోనమ్మ... ఈ పేర్లు ఇప్పుడు పిల్లలకు పెట్టడం లేదు. 

అయితే అదే పిల్లవాడి పేరు బడి పుస్తకంలో వేరేగా ఉండడం కూడా మీరు చూస్తారు. అక్కడ జోజయ్య, ఇక్కడ వెంకటేశ్వర్లు. అక్కడ లూర్దమ్మ, ఇక్కడ సుబ్బలక్ష్మి. ఇది తల్లిదండ్రుల మోసం అని తేలిగ్గా అనేవారున్నారు. 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని వ్యక్తికి షెడ్యూల్డ్ కులం హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులు వెనుకబడిన తరగతుల్లో 'సి' కింద ఒక్క శాతానికి పరిమితం. హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు, ఆ తరువాత ఉద్యోగం ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటే, రెండు పూటలా గంజి తాగే తండ్రి ఏం రాయిస్తాడు? ఆదివారం ఒక పేరు, సోమవారం ఇంకో పేరు. పల్లెలో పాకి పని, చెప్పుల పని మాత్రం మతం మారాక కూడా పేరు అడగకుండానే అప్పగించేవారు. రంగనాథ మిశ్రా కమిషను 2007లో ఈ హోదాకు మతంతో ముడి తీసేయమని సిఫారసు చేసింది. 2022లో కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన మరో కమిషను వేశారు. గుడి లోపల వెనక వరసలో కూర్చోబెట్టిన కులాన్నే బయట లేదనడం ఎంత విడ్డూరమో, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

రెండు పుస్తకాలూ చూసే అవకాశం నాకు ఉద్యోగరీత్యా దొరికింది. బడిలో ప్రవేశాల రిజిస్టరు నా చేతి రాతలో కొన్నేళ్ళు నడిచింది. గుడిలో పుస్తకం వెతికిపెట్టడానికి ఫాదర్ గారు నన్నే పిలిచేవారు. రిటైరయ్యాక కూడా పిలుస్తూనే ఉన్నారు, ఎందుకంటే ఇప్పుడు ఆ పుస్తకానికి గిరాకీ పెరిగింది. హైదరాబాదు, చెన్నై, దుబాయి, అమెరికా నుంచి మన పూర్వ విద్యార్థుల పిల్లలు ఫోన్లు చేస్తారు. పెళ్ళి కుదిరింది, అక్కడి విచారణ గురువు జ్ఞానస్నాన పత్రం అడుగుతున్నారు, ఆరు నెలల లోపు ఇచ్చినదే కావాలట అని. వాళ్ళు చెప్పే పేరు పుస్తకంలో ఉండదు. పాస్‌పోర్టులో ఉన్న పేరు బడి పేరు. అప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే, "మీ నాయనమ్మ నిన్ను ఏమని పిలిచేది బాబూ?" అని. కాసేపు అవతల చప్పుడు ఉండదు. తరువాత కొంచెం సిగ్గుగా చెబుతారు, శౌరిగాడు అనో, ఇన్నాసి అనో. ఆ పేరుతో వెతికితే దొరుకుతుంది.

గత ఏడు వానలకు బీరువాలో చెమ్మ చేరి పాత పుస్తకం ఒకదానికి చివరి పేజీలు అంటుకుపోయాయి. జాగ్రత్తగా విడదీసి, ఎండలో కాకుండా ఫ్యాను కింద ఆరబెట్టాం. ఆ పేజీల్లో చాలావాటి మీద జ్ఞానస్నానం ఇచ్చిన గురువు సంతకం చోట, బిడ్డ ప్రాణాపాయంలో ఉండగా ఉపదేశి ఇచ్చాడు అని లాటిన్‌లో ఒక చిన్న ముక్క ఉంది. అలా జ్ఞానస్నానం పొందిన బిడ్డల్లో కొందరి మార్జినులో, ఇరవై ఏళ్ళ తరువాత వేరే సిరాతో, పెళ్ళి తేదీలు రాసి ఉన్నాయి.